అత్తగారి సిరలు, అల్లుడి మర్యాదలు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదై అత్తగారి ఎమ్మారై చెడబోయింది. ఆ ఘోరం చెబుతాను, నవ్వితే నవ్వండి.

తొంభైల చివరి మాట. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో కాపురం, రైలు వ్యాగన్లు బాగుచేసే ఉద్యోగం, కొత్త పెళ్లి. శ్రీకాకుళం నుంచి మావయ్యగారితో కూతుర్ని చూడవచ్చిన మా అత్తగారికి ఎడమకాలు వాచిపోయింది. "కడుపులోని సిరలో నెత్తురు గడ్డకట్టిందేమో. అది తేలేదాకా రైలెక్కకూడదు" అన్నాడు డాక్టరు. ఆవిడకు కాలికంటే ఆవు బెంగ ఎక్కువ. ఇంటి దగ్గర చూడి ఆవు నేడో రేపో ఈనేలా ఉంది, అదేమో ఆవిణ్ణి తప్ప ఎవరినీ దగ్గరకు రానివ్వదు.

స్కాన్ గదిలో టెక్నీషియన్ సాహూకు తెలుగు రాదు, అత్తగారికి హిందీ రాదు. కాబట్టి అద్దం ఇవతల నుంచి గొట్టంలోని ఆవిడతో మాట్లాడే మైకు నా చేతికొచ్చింది. వర్క్‌షాపులో నట్టు కూడా నా మాట వినదు. మైకు పట్టుకోగానే నాకు కొమ్ములొచ్చాయి.

సాహూ హిందీలో విడమరిచి చెప్పాడు. ఊపిరి బిగబట్టించాలి, ఇరవై సెకన్లు మాట్లాడినా కదిలినా బొమ్మ అలికినట్టయిపోతుంది. ముందు రెండు రిహార్సళ్లు, ఆ తర్వాత సిరలు మెరిసి కనబడే మందు ఎక్కించి అసలు ఫొటో.

"అత్తయ్యగారూ, దయచేసి ఊపిరి బిగబట్టండి."

బిగబట్టారు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "ఇబ్బందేం లేదు కదండీ?" అన్నాను.

అల్లుడడిగితే బదులు చెప్పకపోవడం వాళ్ల వంశంలోనే లేదు. "అయ్యో, నాకేటీ ఇబ్బంది నేదు బాబూ! మీరు టిఫిను తిన్నారా?"

"తిన్నానండీ. మీరు కదలకండి."

"ఏటి తిన్నారు?"

"ఇడ్లీ అండీ."

ఊపిరి ఆపించమంటే ఫలహారం కబుర్లేమిటని సాహూ తల పట్టుకున్నాడు. "భైయ్యా, సాంస్ రుకవాయియే! నాశ్తా బాద్ మే!"

రెండోసారి బాగా జాగ్రత్తపడ్డాను. "బిగబట్టండి. ఇక మీరు బదులు చెప్పనక్కర్లేదండీ, సరేనా?"

"సరే బాబూ" అన్నారావిడ.

మందు ఎక్కించారు. "యే ఎక్ హీ బార్!" అని సాహూ కళ్లెర్రజేశాడు. ఈ ఒక్కసారీ పోతే ఇవాళ్టికి స్కాను లేదు, రైలూ లేదు, ఆవూ లేదు.

"ఊపిరి బిగబట్టండి" అన్నాను, ఆ పైన పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. స్పీకర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది. "బిగబడతన్నాను బాబూ, మీరు కంగారు..."

"నోరు మూసుకోవే!" అని అరిచాను.

యంత్రం దడదడలాడింది. అత్తగారు రాయిలా పడుకున్నారు. తెరమీద సిరలన్నీ గీసినట్టు తేటగా వచ్చాయి. డాక్టరు చూసి, "గడ్డ లేదు, రేపే రైలెక్కించండి" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. వెంటనే పోయింది కూడా, ఎందుకంటే తెరిచిన తలుపు దగ్గర మావయ్యగారు నిలబడి ఉన్నారు. కాళ్లమీద పడదామని వంగాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని లేపి, గొంతు తగ్గించి అన్నారు: "ముప్పయ్యేళ్లుగా నా వల్ల కానేదు నాయనా! ఆ మైకు ఓపాలి నాకిప్పించవా?"

మర్నాడు స్టేషన్లో కిటికీ దగ్గర నిలబడి, "అత్తయ్యగారూ, నా మీద కోపం లేదు కదండీ?" అన్నాను. ఆవిడ బుగ్గలు పూరించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నేను ఎంత బతిమాలినా ఉలుకూ పలుకూ లేదు. రైలు కదిలాక కిటికీలోంచి తల బయటికొచ్చింది.

"ఊపిరి ఒదలమని మీరింకా చెప్పనేదు బాబూ!"

కదిలిపోతున్న ఆ రైలు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎమ్మారై గొట్టంలో ఉన్న పెద్దవాళ్లను ఈ జన్మలో క్షేమసమాచారాలు అడగను. అడిగినా, ఇడ్లీ ఊసెత్తను.