వాల్తేరులో వద్దన్న టీ

ఎనభైల మొదట్లో ఒకనాడు మా ఆస్పత్రి సూపరింటెండెంటు గారు పిలిచి, "విశాఖపట్నంలో అయిదు రోజుల తరగతులట. మీరే వెళ్ళాలి" అన్నారు. గుంటూరు దగ్గర ఒక క్షయ ఆస్పత్రిలో నేను సోషల్ వర్కర్ని. మందులు రాసేది డాక్టర్లు. రోగి ఆ మందులు మధ్యలో మానకుండా చూసేది, ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పేది నేను. పదిహేనేళ్ళుగా చేస్తున్న పనికి మళ్ళీ పాఠాలేమిటని ఒళ్ళు మండింది. కానీ వద్దనడానికి సాకు కూడా లేదు. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చేస్తే ప్రయాణానికి సిద్ధమైపోయినట్టే.

ఆదివారం తెల్లవారుజామున బస్సులో బెజవాడ చేరి, ఆరున్నర రైలెక్కాను. రెండో తరగతి, కిటికీ పక్క సీటు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చుంటే తుని దగ్గర కొండలు చూడొచ్చు. రాజమండ్రిలో ఒక కుటుంబం ఎక్కింది. మొగుడికి స్టీల్‌ప్లాంటు పనుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిందట. బిందెలూ పరుపుచుట్టతో సహా కాపురం మొత్తం బోగీలోకి వచ్చింది. అన్నవరం దాటాక అతని భార్య స్టీలు డబ్బా మూత తీసింది. నిమ్మకాయ పులిహోర వాసన గుప్పుమంది.

"ఏవండీ, కాస్త తీసుకోండి. మొహమాటపడకండి" అన్నాడాయన.

"ఇప్పుడే అయిందండి" అన్నాను. పొద్దుట్నించీ కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. వాళ్ళు నలుగురూ ఒకే డబ్బాలో చేతులు పెట్టి తింటూంటే నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

మూడుంబావుకి వాల్తేరు స్టేషన్లో దిగాను. విశాఖపట్నం స్టేషనుకి అప్పట్లో అదే పేరు. తరగతుల హాస్టల్లో ఖాళీ లేదన్నారు. స్టేషనుకు దగ్గర్లోనే ఒక లాడ్జీలో గది దొరికింది. మంచం, కుర్చీ, గోడకి అద్దం. మంచినీళ్ళు కింది నుంచి మనమే తెచ్చుకోవాలి. హోటలు భోజనం బాగానే ఉంది గానీ, పప్పులో ఇంగువ ఎక్కువైందని చెప్పుకోడానికైనా ఎదురుగా మనిషి లేకపోతే ఆ అన్నం గొంతు దిగదు.

సోమవారం పది గంటలకి అక్కడి క్షయ ఆస్పత్రిలో ఒక గదిలో తరగతులు మొదలయ్యాయి. మేం ఇరవై మందిమి. పాఠం చెప్పేది శారదమ్మ గారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దావిడ, కళ్ళజోడు మీంచి చూసే మనిషి. మొదటిరోజే నియమాలు చదివి సంతకాలు పెట్టించారు. అందులో ఒకటి, రోగి ఇంట్లో డబ్బుగానీ, వస్తువుగానీ, తిండీ పానీయం గానీ ఏదీ పుచ్చుకోకూడదు. ఇంకోటి, ఆ ఇంట్లో జరిగిన మాటలన్నీ మనవీ వాళ్ళవీ పొల్లుపోకుండా రాసి చూపించాలి. పాఠాలు నిజంగా బాగున్నాయి. ఒళ్ళుమంట మంగళవారానికి కొంత చల్లారింది.

బుధవారం ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు అప్పగించారు. అందరూ క్షయ మందులు మధ్యలో మానేసినవాళ్ళే. నాకు వచ్చిన పేరు పైడిరాజు, హార్బరులో కలాసీ. దగ్గు తగ్గగానే మాత్రలు మానేశాడు. మూడు నెలలైంది. మళ్ళీ మొదలుపెట్టకపోతే ఈసారి మనిషి దక్కడని కార్డు మీద డాక్టరు రాశారు. ఆస్పత్రికి వచ్చి మందులు తీసుకోడానికి గడువు శుక్రవారం దాకానే ఉంది.

పాత పోస్టాఫీసు బస్సు దిగి, సందులు అడుక్కుంటూ వెళ్ళాను. ఆ వైపు ఇళ్ళ గోడలన్నీ ఇనుప ఖనిజం దుమ్ముతో ఎర్రగా ఉంటాయి. తెల్లచొక్కా వేసుకెళ్ళకండి. పైడిరాజు గుమ్మంలోనే ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, భుజాలు ఒకప్పుడు బరువులు మోసిన భుజాలని తెలుస్తోంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి బాగానే మాట్లాడాడు.

"దగ్గు నేదు బాబూ. ఆకలీ బాగానే ఏత్తంది. ఇంకా మాత్రలెందుకేటి?"

నేను చెప్పాల్సింది చెబుతున్నాను. అతను తలూపుతున్నాడు. అంతలో అతని భార్య నూకాలమ్మ గాజుగ్లాసులో టీ తెచ్చింది.

"ఇప్పుడే తాగి వచ్చానమ్మా" అన్నాను.

ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. పైడిరాజు గ్లాసుకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"ఎల్లండి బాబూ. మీ పనైపోనాది కదా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మొండిఘటం అనుకుంటూ బస్సెక్కాను. ఆ సాయంత్రం అంతా పొల్లుపోకుండా రాశాను. గురువారం పొద్దున్న శారదమ్మ గారు నా కాగితాలు చదివి ఎర్రపెన్సిలు ఒకచోట ఆపారు.

"టీ ఎందుకు వద్దన్నారు?"

"మీరే సంతకం పెట్టించారు కదమ్మా, రూలని."

"రూలని ఆయనకి చెప్పారా?"

"లేదండి. తాగి వచ్చానన్నాను."

"తాగారా?"

తాగలేదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "క్షయ రోగం మనిషండీ ఆయన. మీరు గ్లాసు ముట్టకపోతే ఆయనకేం అర్థమవుతుంది?"

గ్లాసు శుభ్రంగా కడిగితే చాలు, వేరు పెట్టి మనిషిని దూరం చేయకండని ఇంటింటికీ తిరిగి చెప్పేవాణ్ణి నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఇప్పుడు వెళ్ళి తాగమంటారా?" అని అడిగాను.

"రూలు రూలే. తాగమని నేను చెప్పను. నిజం చెప్పమని మాత్రం చెబుతాను" అన్నారు.

తరగతి అయిదింటికి వదిలారు. మిగతావాళ్ళు బీచికి వెళదామంటున్నారు. నేను మళ్ళీ పాత పోస్టాఫీసు బస్సే ఎక్కాను. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. రూలు నాకు మంచి సాకుగా దొరికింది, అంతే. రూలు లేకపోయినా ఆ టీ తాగేవాణ్ణి కాదు. రైల్లో పులిహోర వద్దనమని ఏ రూలు చెప్పింది?

పైడిరాజు నన్ను చూసి లేవలేదు. "మల్లీ ఏటి బాబూ?"

"నిన్న నీకు అబద్ధం చెప్పాను. అది ఒప్పుకోడానికొచ్చాను. టీ తాగి రాలేదు. నీ జబ్బుకి భయపడీ కాదు. మా రూలొకటుంది, అది నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. అసలు సంగతి ఇంకోటి కూడా ఉంది. నా భార్య పోయాక ఎవరింట్లో ఏం పెట్టినా ఇప్పుడే అయిందంటున్నాను. ఆలుమగలున్న ఇంట్లో కూర్చుని తింటే, లేచి మళ్ళీ నా ఇంటికి పోబుద్ధి కాదు."

ఇంత మాట పదిహేనేళ్ళలో ఏ రోగి దగ్గరా అనలేదు. పైడిరాజు కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"నాను పోర్టుకెల్తే నా పక్కన ఒక్కడూ కూకోడు బాబూ. సొంత తమ్ముడు ఈదిలోంచే పలకరించి పోతాడు. ఆపీసరు కూడా అంతే గదా అనుకున్నాను. మాత్రలేసుకుని బతికి ఏటి సెయ్యాల? ఎవుడితో కూకుని టీ తాగాల?"

దగ్గు తగ్గిందని మానేశాడనుకున్నాం అందరం. కార్డు మీద అలాగే రాసుంది. నూకాలమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

"మీకు ఇంటికాడ ఎవులు వొండుతారు బాబూ?"

"నేనేనమ్మా."

ఆవిడ లోపలికెళ్ళి రెండు గ్లాసులు తెచ్చింది. రెండూ ఒకేలాంటివి. స్టూలు మీద పక్కపక్కనే పెట్టి, తీసుకోమని కూడా అనకుండా వెళ్ళిపోయింది. వద్దనడానికి ఎదురుగా మనిషి లేదు. నేను ఒకటి తీశాను, అతను ఒకటి తీశాడు. బెల్లం టీ, తీపి బాగా ఎక్కువ. ఇద్దరం అడుగుదాకా తాగాం. రేపు వస్తావా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

లాడ్జీకి వచ్చి రికార్డులో 'టీ తాగాను' అని రాశాను. శుక్రవారం శారదమ్మ గారు ఆ ముక్క కింద ఎర్రగీత గీసి, పక్కన ఏమీ రాయకుండా కాగితం నా చేతికిచ్చారు. పన్నెండింటికి సర్టిఫికెట్లిచ్చారు. ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ ముందు నుంచే బయటికి దారి. వరసలో ఏడో మనిషి పైడిరాజు. చొక్కాజేబులో కార్డు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల కొంచెం వంచాడు, అంతే. అక్కడ ఆగితే ఏడ్చేసేలా ఉన్నాను, ఆగకుండా వచ్చేశాను.

రెండింటి రైలుకి హోటల్లో మినపగారెలు పొట్లం కట్టించుకుని ఎక్కాను. ఈ తరగతులకి వెళ్ళబోయేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదే. వెళ్ళండి, పాఠాలు మంచివి, సముద్రం కూడా చూడండి, నేను చూడలేదు. మనవైపు మాటలు కూడా రాయమంటారు చూశారా, అది మాత్రం అశ్రద్ధ చేయకండి.

ఎదురు సీట్లో ఒక్కడే పెద్దాయన, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అనకాపల్లి దాటాక పొట్లం విప్పాను.

"తీసుకోండి" అన్నాను.

"ఇప్పుడే అయిందండి" అన్నాడు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. బలవంతపెట్టలేదు. పొట్లం ఇద్దరి మధ్యా కిటికీ దగ్గర పెట్టి, బయటికి చూస్తూ కూర్చున్నాను. తుని వస్తుండగా ఆయనే అడిగాడు.

"ఇంట్లో చేసినవా అండీ?"

"కాదండి, హోటల్లోవి. మా ఇంట్లో చేసే మనిషి పోయింది" అన్నాను.

ఆయన చెయ్యి చాచి ఒక గారె తీసుకుని మెల్లగా తిన్నాడు.

"బాగున్నాయండి" అన్నాడు.

చల్లారిన గారెలు ఎక్కడైనా బాగుంటాయా? పచ్చి అబద్ధం. ఇంకోటి తీసి ఆయన చేతిలో పెట్టాను.