వెలుతురుండగానే దిగాలి

చూపు పూర్తిగా పోయేలోపల ఆదోని కొండల మీది దారులన్నీ మరొక్కసారి తిరగాలని మా అన్నకు పట్టుదల పుట్టింది. దసరా వెళ్ళిన వారంలో ఒకరోజు అన్నం తింటూ, కంచం పక్కనున్న నీళ్ళ చెంబును మూడుసార్లు చూడక తోసేశాడట. మూడోసారి వదిన ఏమీ అనకుండా నేల తుడిచింది. ఆమె ఏమీ అనకపోవడమే అతన్ని ఎక్కువగా కలవరపెట్టింది. చెయ్యి కడుక్కుని నాకు ఫోన్ చేసి, ఆదివారాలు నాకేమన్నా పనులుంటాయా అని అడిగాడు.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇరవై ఏళ్ళు పత్తి బేళ్ళ లారీ నడిపాడు. మొదట రేచీకటి అన్నారు. పొద్దు మునిగితే ఎదుటి లారీ దీపాలు తప్ప రోడ్డు కనపడక, రాత్రి ట్రిప్పులు మానుకున్నాడు. తర్వాత పగలు కూడా పక్క చూపు తగ్గింది. కంటిలోపలి పొర కొద్దికొద్దిగా ఎండిపోతున్నదనీ, దానికి మందు లేదనీ డాక్టర్లు చెప్పారు. లారీ దిగి మూడేళ్ళయింది. గొట్టంలోంచి చూసినట్టు చూసేవాడు. దూరంగా పోయే రైలుకు ఎన్ని పెట్టెలున్నాయో చెప్పగలడు, మోకాలి పక్కనున్న బండరాయి మాత్రం తగిలేదాకా తెలియదు.

నేను ఎమ్మిగనూరులో లెక్కల టీచరును. ఇద్దరం ఆదోని కోటకొండ కిందే పుట్టి పెరిగాం. చిన్నప్పుడు ఈ కాలంలో సీతాఫలాల కోసం కొండంతా గాలించేవాళ్ళం. ఏ గుండురాయి కింద నుంచి దూరితే ఎక్కడ తేలుతామో అన్నకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే అతని కోరిక నాకు వింతగా అనిపించలేదు. కాదనడానికి నోరూ రాలేదు.

ఆదోనిలో కొండెక్కడానికి మాకు తెలిసిన దారులు మూడు. రణమండల ఆంజనేయస్వామి గుడికి పోయే మెట్ల దారి ఒకటి. శనివారం పోతే కింద బండి పెట్టడానికి జానెడు చోటు దొరకదు. ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు పోతే మెట్ల మొదట్లోనే నీడలో పెట్టుకోవచ్చు. రెండోది పాత ఊళ్ళోంచి కోట మీదికి పోయే దారి. అక్కడ సందులు ఇరుకు. చివరి ఇంట్లో ఉర్దూ మాట్లాడే పెద్దావిడ ఒకామె తన గుమ్మం ముందు బండి పెట్టుకోనిచ్చేది. మూడోది కోట దాటి కొండ వెనక్కు దిగే మేకల దారి. దాన్ని దారి అనడం కూడా ఎక్కువే. గుండ్ల మధ్య మేకలు నడిచి నడిచి పడిన గీత అది. వానలు వెనకబట్టిన కొత్తల్లో గడ్డి నడుమెత్తు ఉండి అసలు కనపడదు. చలికాలం ముదిరి గడ్డి ఎండిపోయాక తెల్లగా బయటపడుతుంది, కానీ ఎండుగడ్డి బండమీద నూనె పోసినట్టు జారుతుంది.

మొదటి ఆదివారం మెట్ల దారిన పోయాం. అన్న తన టైరు చెప్పులతోనే వచ్చాడు. నా స్పోర్ట్స్ షూ చూసి, మెత్తని అడుగు బండమీద పట్టదని వెక్కిరించాడు. నిజంగానే రెండుసార్లు జారింది నేనే. అయితే దిగేసరికి అతని మోకాళ్ళ కింద చర్మం లేచిపోయి నెత్తురు కారుతూ ఉంది. మరుసటి వారానికి వదిన పాత జీన్సు ప్యాంటు కాళ్ళు కత్తిరించి, లోపల దూది కూరి, మోకాళ్ళ కింద కట్టుకునే తొడుగులు కుట్టింది. వెదురు కర్ర, రెండు నీళ్ళ సీసాలు, జొన్నరొట్టె, మెడకు తువ్వాలు. అవే మా సామాన్లు. ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. నాలుగు గంటలకు ఎక్కడున్నా సరే, కిందికి దిగడం మొదలుపెట్టాలి.

కార్తీకంలో వాయుగుండం పట్టి రెండు ఆదివారాలు వాన. అన్న ఇంట్లో నిలవలేకపోయాడు. మబ్బు విడిచిన మంగళవారం నాడు, ఎవరికీ చెప్పకుండా ఒక్కడే మెట్ల వైపు పోయాడు. గుడి దాకా పోలేదు. సగం మెట్ల దగ్గర నుదురు పగిలి కూర్చుని ఉంటే, గుడికి పోయి వస్తున్నవాళ్ళెవరో ఇంటికి తెచ్చి వదిలారు. ఆ సాయంత్రం ఫోన్‌లో నేను గట్టిగా మాట్లాడాను. అతను చాలాసేపు విని, "రెండు వారాలు పోయినాయి గదరా. అవి నాకు ఎవరిస్తారు?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

తర్వాతి వారం కోట ఎక్కాం. ఆ పై వారం కూడా కోటే. మిగిలింది మేకల దారి. పుష్యమాసం మొదట్లో ఒక ఆదివారం అది కూడా చూసేద్దామన్నాడు. కోట దారిలో ఎక్కి, మేకల దారిలో వెనక్కు దిగి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని బండి దగ్గరకు రావాలని అనుకున్నాం.

ఆరోజు పొద్దున ఎమ్మిగనూరు నుంచి బయలుదేరేసరికే మంచు. రోడ్డు పక్క కంపచెట్లకు పత్తి పింజలు పట్టుకుని ఉంటాయి కదా, ఆ చెట్లు కూడా కనపడనంత మంచు. ముందు పత్తి ట్రాక్టర్లు. దాటడానికి నాకు ధైర్యం చాలలేదు. వాటి వెనకే ఈడ్చుకుంటూ ఆదోని చేరేసరికి పది దాటింది. అన్న తొడుగులు కట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఏడు గంటల నుంచీ అట్లాగే నిలబడ్డాడని వదిన చెప్పింది. ఆలస్యమైంది కాబట్టి ఈ వారం మెట్ల దారితో సరిపెట్టుకుందామన్నాను. వదిన కూడా అదే మాటంది. అతను ఇద్దరి మాటా వినిపించుకోలేదు.

కోట మీదికి చేరేసరికి రెండు. రొట్టె తిన్నాం. కూలిపోయిన గోడ మీద కూర్చుని అన్న ఊరిని చూడడం మొదలుపెట్టాడు. తల కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఒక్కో తునకా చూసుకుంటూ పోయాడు. జిన్నింగు మిల్లుల రేకులు, రైలు పట్టాలు, మార్కెట్టు యార్డు, మేం చదివిన బడి. అవన్నీ పేరుపేరునా చెప్పాడు. మూడున్నరకు లేద్దామన్నాను. కొంచెం ఆగమన్నాడు. నాలుగుకు మళ్ళీ అడిగాను. అతను నా వైపు తిరగకుండా, "ఇంగ ఈ సీజనుకు అయిపోతాదిరా ఈ సూపు. కొంచేపు సూడనియ్యి" అన్నాడు. నేను పక్కకు పోయి కూర్చున్నాను. నియమం పెట్టింది ఎందుకో తెలిసీ, అతన్ని లేపలేకపోయాను. అతను తనంత తాను లేచేసరికి నాలుగున్నర దాటింది.

మేకల దారిలో సగం దాకా బాగానే దిగాం. అన్న ముందు, నేను వెనక. ఒకచోట రెండు గుండ్ల మధ్య సందులో అతని ఎడమ పాదం ఇరుక్కుని మడత పడింది. కేక పెట్టలేదు. ఊపిరి గట్టిగా పీల్చుకుని కూర్చుండిపోయాడు. పాదం బయటికి లాగి, తువ్వాలుతో బిగించి కట్టడానికే చాలాసేపు పట్టింది. లేపి నిలబెడితే కాలు మోపలేకపోతున్నాడు. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేయించుకుని అడుగులో అడుగు వేయించాను. ఇప్పుడు నేను ముందు. ఎండ కొండ వెనక్కు పోయింది.

ఈ వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయని చిన్నప్పటి నుంచీ విన్నాం. కానీ అప్పుడు నన్ను పట్టుకున్నది ఆ భయం కాదు. దారి కనపడడంలేదు. గుండ్లూ గడ్డీ కలిసిపోయి ఒకే బూడిదరంగు ముద్దయింది. ఫోన్ తీసి లైటు వేశాను. పాదాల ముందు పళ్ళెమంత చోటు తెలిసింది. ఆ పళ్ళెంలోకి ఒక అడుగు, మళ్ళీ వెతుక్కుని ఇంకో అడుగు. ఒకసారి గీత తప్పి, నేరుగా కంపలోకి నడిస్తే ఇద్దరికీ ముళ్ళు గీసుకున్నాయి. వెనక్కు వచ్చి నిలబడ్డాం.

"ఇంగా ఏమన్నా వెలుగుందా?" అని అడిగాడు అన్న.

"ల్యాదన్నా. అంతా సీకటైపోయింది."

"నేను సేసిన పనికి నువ్వు పడుతాండావు" అన్నాడు. అరిస్తే ఎవరికైనా వినపడుతుందేమోనని అరిచాను. రెండు మూడుసార్లు అరిచినా ఎవరూ పలకలేదు. ఇక అక్కడే కూర్చుని తెల్లారేదాకా చలిలో ఉండాలనుకున్నాను. వదిన వాకిట్లో ఎదురుచూస్తూ ఉంటుందనీ, ఎమ్మిగనూరులో నా భార్య, పదేళ్ళ కూతురు ఏమనుకుంటారో అనీ తలచుకుని వాళ్ళకు చెబుదామని చూశాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

అప్పుడు పైనుంచి మేకల గిట్టల చప్పుడు వచ్చింది. వాటి వెనక ఒకామె. మాటను బట్టి యాభై దాటి ఉంటుంది. ఆమె చేతిలో లైటు లేదు. గబగబా నడుచుకుంటూ నేరుగా మా దగ్గరికి వచ్చి ఆగింది. కాలు మడతపడిన సంగతి చెప్పి, ఈ చీకట్లో దారి దొరకడంలేదన్నాను.

"సీకటి యాడుందప్పా?" అంది ఆమె. "పొద్దు ఇప్పుడే గదా మునిగింది. దావ తెల్లగా కనపడుతాంది. ఈ పొద్దులో లైటు ఏమిటికి నీకు?"

వేళాకోళం కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది. నా భుజం మీద అన్న చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. వేళ్ళు ఎముకలోకి దిగినట్టు అనిపించింది. తర్వాత వదులైంది.

ఆమె ఇంకేమీ అడగకుండా తన కర్ర చివర నాకందించి పట్టుకోమంది. ఆమె ముందు, ఆ కర్ర పట్టుకుని నేను, నన్ను పట్టుకుని అన్న. మేకలు తమంతట తాము దిగిపోయాయి. ఎక్కడ బండ ఉందో, ఎక్కడ కాలు దింపాలో చెబుతూ నడిచింది. కింద ఇళ్ళ దగ్గరికి చేరాక మంచం వాల్చి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఎవరినో పంపి ఆటో పిలిపించింది.

ఆటోలో, బండి దగ్గర దింపితే తీసుకుని ఇంటికి వస్తానన్నాను. అన్న నా జేబు తడిమి తాళంచెవి తీసుకున్నాడు. బండి ఈ పూటకు అక్కడే ఉండనిమ్మన్నాడు. కొంతదూరం పోయాక అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం ల్యాదన్నా. కండ్లద్దాలు మసకయినాయి. మార్చాల."

"నేను గూడా మీ వదినకు ఇట్లే సెప్పినాను. అద్దాలని."

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అప్పటికి రెండేళ్ళుగా పొద్దు మునిగాక బండి తీయడం మానేశాను. పెళ్ళిళ్ళలో పందిరి దాటి బయటికి వస్తే, ఎవరి చెయ్యో అందేదాకా కదలను. సినిమా హాల్లోకి ఆట మొదలయ్యాక పోను. వీటిలో ఒక్కొక్క దానికీ ఒక్కొక్క కారణం సిద్ధంగా పెట్టుకున్నాను. అన్నీ కలిపి ఒక్కసారి కూడా చూసుకోలేదు. అంత దగ్గరగా అన్నను చూస్తూ కూడా చూసుకోలేదు.

పదిరోజుల తర్వాత కర్నూలులో పరీక్ష చేశారు. చీకటి గదిలో ఒక డబ్బాలోకి తలపెట్టి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. యంత్రం ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. అది మొదటి నుంచీ నడుస్తూనే ఉందని తర్వాత తెలిసింది. అదే జబ్బు. అన్నకంటే నిదానంగా వస్తున్నదన్నారు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనూ ఒకసారి చూపించమన్నారు.

ఆ చివరి మాట నేను ఇంట్లో చెప్పలేదు. సందెవేళ మిద్దె మీద నాణెం జారవిడిచి, వెతికి పెట్టమని మా పాపను అడిగేవాడిని. ఆరేసిన బట్టలు తెమ్మని దీపం వేయకుండా పంపి, మెట్ల దగ్గర చెవి ఒగ్గి నిలబడేవాడిని. నాలుగోరోజు నా భార్య నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఏం దాస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆమె ఏడవలేదు, మరుసటి రోజే పాపను తీసుకుని కర్నూలు బస్సెక్కింది. ఇప్పటికి జబ్బు జాడ ఏమీ లేదన్నారు, కానీ ఏటా తీసుకురమ్మన్నారు. ఆ ఏటా అనే మాట మా ఇంట్లో ఇంకా ఎవరికీ సరిగా నిద్ర పట్టనివ్వడంలేదు.

అన్న కాలు కుదురుకునేసరికి శివరాత్రి దాటింది. ఈలోపల అతనికి మిగిలిన ఆ గొట్టమంత చూపూ మసకబారింది. ఒక ఆదివారం పొద్దున్నే రమ్మని కబురు చేశాడు. నేను బస్సులో పోయాను. ఆటోలో మెట్ల దారి మొదటికి తీసుకుపోయాడు. ఎక్కుదామని నేను అతని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. వెదురు కర్ర నా చేతిలో పెట్టాడు.

"కండ్లు మూసుకో. మూసుకుని ఎక్కు. కనపడేటప్పుడే నేర్సుకో. నాకు నేర్పేటోళ్ళు ల్యాకపోయిరి" అన్నాడు.

జనం చూస్తున్నారన్నాను. చూడనీ అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. కర్రతో మెట్టు అంచు తడుముతూ ఎక్కాను. పదకొండో మెట్టు మీద కాలు గాలిలో తేలినట్టయి కళ్ళు తెరిచేశాను. ఎండ ముఖాన కొట్టింది. అతను రెండు మెట్ల కింద తల వంచుకుని నా అడుగుల చప్పుడు వింటూ నిలబడి ఉన్నాడు.

"తెరిసినావు. మల్లీ మొదటి నుంచి రా" అన్నాడు.