పశువుల కొట్టంలో విప్పిన నోరు

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బర్మా యుద్ధం నుంచి బెంగళూరు తిరిగొచ్చి, మా నాన్నతో కలిసి ఇంట్లోనే మగ్గం నేస్తున్నాను. ఒక మధ్యాహ్నం వీధిలో లారీ టైరు పెద్ద చప్పుడుతో పేలింది. ఆ తర్వాత ఏం చేశానో తెలియదు. తెలివి వచ్చేసరికి నా భార్య సుబ్బమ్మ నేల మీద పడి ఉంది. నా రెండు చేతులూ ఆమె గొంతు నులుముతున్నాయి. మా నాన్న కట్టెతో నా వీపు చీరేస్తున్నాడు. నేను వదిలాక ఆమె నెత్తురు కక్కింది.

నా మీద నాకే భయమేసి, హొసకోటెలో ఉన్న పటాలం స్నేహితుడు మునియప్ప దగ్గరికి పారిపోయాను. యుద్ధం నుంచి వచ్చిన ఏడుగురు ప్రతి ఆదివారం అతని పశువుల కొట్టంలో కూర్చునేవారు. నన్నూ కూర్చోబెట్టాడు.

"పెండ్లాన్ని చంపబోయినాను" అన్నాను తల దించుకుని.

ఎవరూ ఛీ అనలేదు. పక్కనున్న వెంకటప్ప నా భుజం పట్టుకున్నాడు. "నేను మాయమ్మ తల పగలగొట్టినానప్పా. ఈడ చెప్పుకోబట్టే ఇంకా బతికుండాను."

కందకంలో నేను గొంతు పిసికి చంపిన శత్రు సిపాయి గురించి ఆ రోజే మొదటిసారి చెప్పాను. చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాను. వాళ్లూ ఏడ్చారు.

నాలుగు నెలల తర్వాత ఇంటికి వెళ్లి, కొట్టంలో కూర్చునే సంగతంతా చెబితే సుబ్బమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆదివారం ఆదివారం ఆడికి పోతానంటేనే లోపలికి రా" అంది.

ఆనాటి నుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆ ఏడుగురే లేకపోతే నేను హంతకుణ్ణయ్యేవాణ్ణి.