సుగుణక్కని పొట్టన పెట్టుకుంది బాక్సింగ్ కాదు, రాంగ్ రూట్ టిప్పర్

నిన్న పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ ఎత్తాను. మా కోచ్ షకీలా మేడమ్. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు.

"మన సుగుణక్క లేదక్కా. సర్వీస్ రోడ్డు మీద... టిప్పర్..."

అంతే.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

అప్పటికి కాసేపటి క్రితమే మా బాక్సింగ్ క్లాస్‌లో నా పక్కన నిలబడి బరువులెత్తిన మనిషి. మోకాలు నొప్పిగా ఉందని నేను ముందే ఇంటికి బయల్దేరితే, "దొంగనొప్పులు పడమాకే!" అని వెనక నుంచి అరిచిన మనిషి.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

పోస్ట్‌మార్టం అయ్యి సాయంత్రానికి ఇంటికి తెచ్చారు. వెళ్లి కరువుదీరా ఏడుద్దామనుకున్నాను. అక్కడ టెంట్ కింద విన్న మాటలకి నా ఏడుపు కూడా ఎండిపోయింది.

"అరవై దాటాక ఆ కుస్తీలేందమ్మా?"

"ఇంటిపట్టున ఉంటే ఆ టైమ్‌కి రోడ్డు మీద ఉండేదే కాదుగా!"

"గ్లౌజులు కూడా కొనుక్కుందంటగా!"

ఆఖరి మాట అన్నాయన నవ్వాడు కూడా. శవాన్ని ఎదురుగా పెట్టుకుని.

ఒక్కరంటే ఒక్కరు టిప్పర్ గురించి మాట్లాడలేదండీ. రాంగ్ రూట్‌లో వచ్చింది అది. సుగుణక్క క్లాస్ నుంచి ఇంటికొస్తూ, రోడ్డు దిగి మట్టిలో నడుస్తోంది. డ్రైవర్‌ని ఎవరూ ఏమీ అనలేదు. తప్పంతా ఆమె గ్లౌజులదే అయిపోయింది.

పాల ప్యాకెట్ కోసం వెళ్లినప్పుడు ప్రాణం పోయుంటే, ఊరంతా పాలు తాగడం మానేసేదా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సుగుణక్కది మా ఎదురిల్లు. బతుకంతా మిరప చేలల్లోనే. కల్లంలో గొంతుక్కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరి ఏరి నడుం పాడైపోయింది. భర్త పోయాక మరీ నీరసించింది. నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సిందే.

ఒకరోజు బాత్రూంలో జారిపడింది. ఇంట్లో ఎవరూ లేరు. దెబ్బేమీ తగల్లేదు, కానీ లేవలేకపోయింది. నేను ఏదో పని మీద వెళ్లేదాకా ఆ తడిలోనే కూర్చుని ఉంది. ఆ అవమానం ఆమెను చాలా రోజులు తినేసింది.

షకీలా మేడమ్ ఒకప్పుడు జూడో ఆడినావిడ. బాక్సింగ్ కూడా వచ్చు. మా కాలనీ ఆడపిల్లలకి నేర్పేది. సుగుణక్క నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లింది.

"పడటం నాకు వచ్చులే అమ్మా. లెగవడం నేర్పు."

అలా మొదలైంది మా ఆడవాళ్ల క్లాస్. తన వాటాకి వచ్చిన, పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టం పక్కన రేకుల షెడ్ ఉంటే, తనే ఊడ్చి ఇచ్చింది. మిరపకాయలు ఆరబోసే పట్టాలు మడతలేసి పరిచాం. ఇసుక నింపిన సంచులే మా వెయిట్స్.

పంచింగ్ బ్యాగ్ కొనడం దండగని సుగుణక్క ఇంట్లోంచి పాత గోనెసంచి తెచ్చి, పత్తి కూరి, దూలానికి వేలాడదీసింది. అది మిరపకాయల సంచి అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు! మొదటి గుద్దుకే లోపలి పొడంతా లేచింది. తుమ్ములు, దగ్గులు, కళ్ల మంటలు. కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని అందరం బయటికి పరుగు. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "ఒక్క గుద్దుకి ఇంతమందిని ఏడిపిచ్చా, చూశారా!" అంది.

ఆమెకి ఒకటే రూల్. క్లాస్‌లో ఎవరు కిందపడ్డా చెయ్యి ఇవ్వదు.

"నేనియ్యను. పక్కకి తిరుగు. మోకాలు ముడువు. చేత్తో నేలని నెట్టు. లెగు!"

తిట్టుకునేవాళ్లం. కానీ లేచేవాళ్లం.

నిన్న ఆమె బావగారు, అంటే భర్తకి అన్నగారు, షకీలా మేడమ్ దండ వేస్తుంటే అందరి ముందూ కేకలేశారు.

"నీ వల్లేనమ్మా ఇదంతా! రేపట్నుంచి షెడ్డుకి తాళం ఏస్తన్నా. ఏ ఆడమనిషీ ఆ ఛాయలకి రాకూడదు!"

మేడమ్ తల వంచుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దాయనా, ఈ పోస్ట్ మీకు ఎవరో ఒకరు చూపిస్తారు. చదవండి.

పోయిన వానాకాలం చేలో బోరు దగ్గర బురదలో జారిపడింది ఎవరు? కాలు మడతపడి, లేవలేక అరిచింది ఎవరు? చుట్టుపక్కల ఒక్క మగాడు లేడు. వెనక నుంచి చంకల కింద చేతులేసి, మోకాళ్ల మీద బలం పెట్టి మిమ్మల్ని ఎత్తి గట్టెక్కించింది ఎవరు? ఆ కుస్తీలు చేసే సుగుణక్క కాదూ?

మీరేమో 'నా అంతట నేనే నడిచొచ్చా' అని ఊరంతా చెప్పుకున్నారు. ఆమె కాదనలేదు. నాకొక్కదానికే చెప్పి, "ఎవరితో అనమాకే, చిన్నబోతాడు" అంది. ఇన్నాళ్లూ దాచాను. ఇక దాచను.

మాలో ఎవరికీ ఒక్క చెయ్యి ఇవ్వని మనిషి, మీకు రెండు చేతులూ ఇచ్చింది. దానికి మీరు వేసేది తాళమా?

ఇంటికొస్తే ఇక్కడా అదే పాట. "చాల్లే, నువ్వు కూడా మానెయ్" అన్నారు మా ఆయన.

ఈ పొద్దున వంటింట్లో నేల మీద కూలబడి, ఎట్టకేలకు ఏడ్చాను. ఆయన వచ్చి చెయ్యి అందించారు.

వద్దన్నాను.

పక్కకి తిరిగాను. మోకాలు ముడిచాను. చేత్తో నేలని నెట్టాను.

లేచాను.

రేపు మామూలు టైమ్‌కే క్లాస్. షకీలా మేడమ్‌కి చెప్పేశాను, వస్తానంది. తాళం ఉంటే షెడ్ ముందు రోడ్డు మీదే పట్టాలు పరుస్తాం. నవ్వేవాళ్లు వచ్చి నవ్వుకోవచ్చు.

సుగుణక్కా, ఇక హాయిగా పడుకో. నీకు శాంతి దొరకాలి.

మాకు మాత్రం ఆ శాంతి ఇప్పుడే వద్దు.