పెళ్లివారు నడిపిన మురుగు కేంద్రం

పల్లెటూరి బడిలో అక్షరాలు దిద్దుకుని ఇంజనీరునయ్యాను. మా వంశంలో నేనే మొదటివాణ్ణి. కొండ మీది పేటకు పంపు లేకుండా నీళ్లెక్కించిన ఘనత నాది. దాని వెనక ఇంకా ఎత్తయిన కొండ మీద చెరువు ఉందని కనిపెట్టిందీ నేనే. అయితే బంధువుల్లో నా పేరు నిలబెట్టింది మాత్రం మా అమ్మాయి పెళ్లి.

అప్పటికి ఊరి చివర కొత్త కాలనీ పక్కన మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టించాను. బ్రహ్మాండంగా కట్టాను. మురుగే లేదు! కాలనీలో సగం ఇళ్లకు తాళాలు. తనిఖీకి వచ్చే పెద్ద ఇంజనీరు ముందే చెప్పేశాడు.

"వచ్చే మురుగును కొలిచే మీటరు ముల్లు ఎర్రగీత దాటాలి. దాటకపోతే ఎరువుల గోడౌనుకిచ్చేస్తాం. మంచినీళ్లు వదిలి మాయ చేద్దామనుకోకండి, వాసన చూస్తాను."

నా కేంద్రంలో ఎరువుల బస్తాలా! నాకు ముద్ద దిగలేదు. తనిఖీ రోజుకే అమ్మాయి పెళ్లి పెట్టించి, కాలనీలోని ఖాళీ ఇళ్లన్నీ విడిదికి తీసుకున్నాను.

"పిల్ల పెళ్లికి ఎవరైనా పూలమండపం చూస్తారు. మీరేమో మురుగుకాలవ చూశారు," అంది మా ఆవిడ.

"రెండూ మన బిడ్డలేనే," అన్నాను.

మగపెళ్లివారు బస్సు దిగీదిగగానే ఎదురెళ్లాను. "స్నానమైందా బావగారూ?"

"ఇంట్లోనే చేసొచ్చాం."

"ప్రయాణం చేశారుగా, మళ్లీ చేయండి. వేణ్ణీళ్లు సిద్ధం."

వియ్యంకుడు మురిసిపోయాడు. ఆయన మేనత్త మాత్రం మూతి తిప్పింది. "ఇదేం మర్యాదే అమ్మా! తిన్నావా అని అడిగే దిక్కు లేదు, కడుక్కున్నావా అని ప్రాణం తీస్తున్నాడు!"

తీరా జనమంతా పెళ్లి చూడ్డానికి కూర్చున్నాక ఆపరేటరు ఫోన్ చేశాడు. "సార్, ముల్లు గీత దగ్గరే ఆగిపోయిందండి. పెద్దసారు సంచీ సర్దుతున్నారు."

నేను వేదికెక్కి మైకు లాక్కున్నాను. "అందరూ దయచేసి ఒక్కసారి బాత్‌రూమ్‌లకు వెళ్లి రావాలి!"

వియ్యంకుడు ఎర్రబడ్డాడు. "పెళ్లి ఆపి ఈ మాటలేంటి బావగారూ?"

మైకులోనే ఉన్నదంతా చెప్పేశాను. మా అమ్మాయి తల వంచుకుంది. వియ్యంకుడు నన్ను ఎగాదిగా చూసి, కండువా బిగించాడు.

"ఆ మాట పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా! ఇంతమందిమి వచ్చి ఒక్క ముల్లు కదపలేకపోతే మేం మగపెళ్లివారమేనా? లేవండ్రా! అత్తా, నువ్వు కూడా!"

మేనత్త అందరికన్నా ముందు పరిగెత్తింది. ఫ్లష్‌ల మోతతో కాలనీ అంతా ఒక్కసారిగా గర్జించింది. కాసేపటికి ఫోన్‌లో ఆపరేటరు కేక. "దాటేసింది సార్! పెద్దసారు ముక్కు మూసుకుని సంతకం పెడుతున్నారు!"

ఆ తర్వాతే పెళ్లి జరిగింది.

నేను ఆ కాలనీలోనే ఇల్లు కట్టుకున్నాను. ఇప్పటికీ వియ్యంకుడు వస్తే మంచినీళ్లయినా ముట్టకుండా తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళతాడు. ఫ్లష్ గట్టిగా లాగి, వచ్చి కుర్చీలో కాళ్లు బారజాపుకుంటాడు.

"ఆఁ, మా వంతు అయింది. ఇక చెప్పండి బావగారూ, ముల్లు ఎక్కడుంది?"