ఒక్క చీర పడుగు

బళ్ళారి ఎవరిదని ఆ కాలంలో నన్ను అడగనోళ్ళు లేరు. నాకేం తెలుసు? బళ్ళారిని నేను చూసింది ఒక్కసారి, అదీ పెండ్లికి ముందు, ఎద్దులబండిలో నుంచి. అడిగినోళ్ళలో సగం మంది ఆ ఒక్కసారి కూడా చూసిండరు. అయినా దానికోసం తలలు పగలగొట్టుకునేదానికి తయారు!

మాది సిరుగుప్ప పక్క పల్లె, ఇంట్లో కన్నడం. ఎమ్మిగనూరులో మగ్గమున్న తెలుగోళ్ళింటికి నన్నిచ్చినారు. అప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, మా పల్లె అన్నీ బళ్ళారి జిల్లానే. సంబంధం చూసేటప్పుడు పిల్లది ఏం భాష అని ఎవురూ అడగలే. నూలు కండెలు చుడుతుందా అని అడిగినారు, అంతే. మా అత్త తెలుగులో తిడితే నేను కన్నడంలో జవాబిస్తాంటి. ఇద్దరికీ పనులు బాగానే జరిగిపోతాండె.

ఆంధ్ర రాష్ట్రం వస్తాందని, జిల్లాను ముక్కలు చేస్తారని పుకారు లేచినాక మా వీధికి పిచ్చి పట్టింది. ఆదోనిలో మీటింగు పెడితే ఈడ మగ్గాలు నిలిచిపోతాండె. వీధికి ఈ కొస తెలుగోళ్ళు, ఆ కొస కన్నడమోళ్ళు. నిన్నటిదాకా అన్నా, తమ్ముడా అనుకున్నోళ్ళు మొగాలు తిప్పుకోని పోతాండ్రి.

నేత పనికి వీధి కావాల. పడుగు నూలును, అంటే చీరకు నిలువు పోగులను, వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పట్టించి, అది ఆరేలోపల కుంచెలతో దువ్వాల. ఎండ ముదిరిందా, పోగులు ఒకదానికొకటి అంటుకోని నూలంతా పాడైపోతుంది. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదది. అందుకే ఎవరి పడుగైనా సరే, తెల్లారుజామున వీధిలో మగవాళ్ళంతా వచ్చి కుంచె పట్టేది రివాజు. పిలిచే పని కూడా లేదు.

ఆ పొద్దు మా పడుగుకు ఎవురూ రాలే. మా ఆయన గుంజలు పాతి, నూలు కట్టి, వాకిలి వాకిలికీ పోయి కేకేసినాడు. ఆఖరికి వీధి పెద్దాయన ఒక్కడు భుజాన తువ్వాలేసుకోని వచ్చినాడు. కుంచె తేలే.

"వదినా, నీ మీద మాకేం కోపం లేదు," అన్నాడు మా అత్తతో. "ఆ కన్నడపు పిల్లను పుట్టింటికి పంపించు. ఈ తకరారు తేలినాక పిలిపించుకుందువు. ఆమె ఈ వీధి మనిషి కాదు. ఆమె పోయినాక పడుగెయ్యి, అందరం వస్తాం."

వీధంతా వినేటట్టు అన్నాడు. నేను గంజికుండ పట్టుకోని గడపలోనే ఉన్నా.

నా ఒళ్ళు భగ్గుమనింది. "నాలుగు దినాలే కదా, పోయిరా," అన్నాడు మా ఆయన మెల్లగా. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుందని ఆయన భయం. ఆ భయం నాకూ తెలుసు. అయినా ఆ మాట ఈ పొద్దుటికీ నా కడుపులో అట్లే ఉంది.

"ఒరేయ్, నీ పెండ్లాన్ని పంపించినావంటే నేనూ ఆమె ఎనకాలే పోతా," అనింది మా అత్త. "నువ్వూ నీ వీధీ కలిసి గంజి కాసుకోండి." పెద్దాయన పక్క తిరిగి, "ఇంక పో అప్పా, ఎండ ముదురుతాంది," అనింది.

ఆ సంగతి ఆ కొసకు పాకింది. సాయంత్రం ఇద్దరు కన్నడమోళ్ళు వచ్చి, "నువ్వు మా పిల్లవు కదమ్మా. మీ ఇంట్లో మాట కన్నడమేనని అడిగినోళ్ళకు చెప్పు చాలు, పడుగు మేము పడతాం," అన్నారు తీయగా. వాళ్ళకు మాత్రం నేను కావాలనా? ఎవరు ఎక్కువున్నారనే లెక్కలో వాళ్ళకు ఇంకో ఇల్లు కావాల. "మా అత్త తెలుగులో తిడితే గానీ నాకు తెల్లారదు, పోండి," అన్నా, కన్నడంలోనే.

"ముగ్గురం ఉన్నాం, ముగ్గురికి సరిపడే పడుగేద్దాం," అనింది అత్త. అంటే ఒక్క చీరకు సరిపోయే పొట్టి పడుగు. ఆడోళ్ళు కుంచె పట్టేది మా వీధిలో లేదు. అత్త ఒక కుంచె నా చేతిలో పెట్టి, ఇంకొకటి తాను పట్టింది. వాకిళ్ళలో నిలబడి నవ్వినారు. నవ్వనీ!

పొట్టి పడుగుతో పెద్ద బాధ ఒకటుంది. కొత్త పడుగు ఎక్కించినప్పుడల్లా మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్తవి ఒక్కొక్కటే పురి పెట్టి అతకాల. అందరూ ఎప్పుడో ఒకసారి చేసే ఆ పని నేను ప్రతి చీరకూ చేస్తాంటి. వేళ్ళ కొసలు తోలు లేచిపోయి, సంగటిలో చింతపండు కారం కలుపుకుంటే కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండె. చీరలు తగ్గినాయి, సంగటీ తగ్గింది. నేను మాత్రం పోలే.

ఇంకొకటి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాండె. మాకు రానోళ్ళ పడుగు పడినప్పుడల్లా మా అత్త కొడుకు చేతికి కుంచె ఇచ్చి పంపిస్తాండె. పెద్దాయన పడుగుకు కూడా! "మనకు సిగ్గు లేదా అత్తా?" అని అరిచినా. "నూలేం పాపం చేసిందే?" అనింది. నాకంత పెద్ద మనసు లేదు. ఇప్పటికీ రాలే.

చివరికి ఫైసలా అయింది. బళ్ళారి కన్నడమోళ్ళ పక్కకు పోయింది, ఆదోనితో పాటు మేము ఆంధ్ర పక్కకు వచ్చినాం. ఆ దినం బెల్లం పంచినారు. మా పుట్టిల్లు వేరే రాష్ట్రమైపోయింది. కొన్నాళ్ళకే ఈ కొసోళ్ళూ ఆ కొసోళ్ళూ ఏమీ జరగనట్టు కలిసి తిరుగుతాండ్రి.

పెద్దాయన మా వాకిట్లోకి వచ్చినాడు. "వదినా, అయిందేదో అయింది. రేపు నిండు పడుగెయ్యి, అందరం వస్తాం."

అత్త చిక్కు తీస్తాండే నూలు మీద నుంచి తల కూడా ఎత్తలే. "నన్నెందుకప్పా అడిగేది? పంపించమన్నావే, ఆమెనడుగు."

ఆయన నా పక్క తిరిగినాడు. వరసకు మామ, పైగా పెద్దమనిషి. అంతవరకూ ఆయన ముందర నేను నోరు తెరిచింది లేదు. చేతులు కొంగుకు తుడుచుకోని, గడప దాటి, వీధి నడిమధ్యకు వచ్చి నిలబడినా.

"రానీ మామా, అందరూ రానీ. ఈ వీధి మనిషిని కాదని ఆ పొద్దు అందరూ వినేటట్టు చెప్పినావు. ఔనని ఇప్పుడు చెప్పు, ఈడ్నే నిలబడి."

ఆయన దగ్గినాడు. మా ఆయన నేల చూస్తాండాడు.

"సరేలే, నువ్వు మా వీధి మనిషివే," అని గొణిగినాడు.

"వినపడలే మామా."

మళ్ళీ చెప్పినాడు, ఇంకొంచెం గట్టిగా. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్కింట్లో మగ్గం నిలిచింది.

"ఆ కొసకు వినపడలే," అన్నా.