మొలతాడుతో స్కాన్ గదిలోకి

పేషెంటు తండ్రిని నేను కొట్టింది ఒక్కసారే. దానికి ఇప్పటికీ సిగ్గుపడను.

పురసవాక్కంలో బట్టల కొట్ల మధ్య ఉన్న స్కాన్ సెంటర్లో ఫిల్ములు చూసి రిపోర్టు రాసే డాక్టర్ని. ఆ రోజు మాధవరం నుంచి మొగుడూ పెళ్ళాం ఐదేళ్ళ కొడుకును ఎత్తుకొచ్చారు. పిల్లాడికి పొద్దున లేస్తే వాంతులు, నడిస్తే తూలడం, ఒక కన్ను లోపలికి తిరిగిపోవడం. బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని తండ్రి బెల్టు తీసి చావబాదాడట. పిల్లాడి తల వెళ్ళి తలుపుకు కొట్టుకుందట. తల్లి ఇదంతా చెబుతుంటే అతను నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. పిల్లాడి వీపు మీది వాతలు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

స్కాన్ యంత్రమే ఒక పెద్ద అయస్కాంతం కాబట్టి, మత్తు ఇచ్చే ముందు నర్సు పిల్లాడి ఒంటి మీది లోహాలన్నీ తీయించింది. ఇనుప తాయెత్తు గుచ్చిన మొలతాడు కూడా తీయించింది. మా వాళ్ళలో మగవాడి మొలతాడు తెంచేది చచ్చిపోయాకే. తల్లికి మనసొప్పలేదు. పిల్లాడు మత్తులో ఉండగా, ఎవరూ చూడకుండా, గౌను కింద మళ్ళీ కట్టేసింది.

బల్ల లోపలికి జరిగింది. గౌను ఒక్కసారిగా ఎగిసిపడింది. తాయెత్తును అయస్కాంతం గుంజుతుంటే తాడు పిల్లాడి నడుములోకి కోసుకుపోతోంది. ఆ గదిలోకి కత్తెర తీసుకుపోకూడదు. పరిగెత్తి బల్లను వెనక్కి లాగి, తాడును రెండు చేతులా పట్టి తెంపేశాను. పిల్లాడి నడుం చుట్టూ రక్తం.

తలుపు దగ్గర నిలబడ్డ తల్లి గుండెలు బాదుకుంది. "అయ్యో, తెంపేసినారే! బిడ్డ బతికుండంగానే తెంపేసినారే!"

"బిడ్డను చంపేదానికే కట్టినావా ఏందే!" అంటూ మొగుడు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. రెండో దెబ్బకు నేను అడ్డం పోయాను. అతని మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది. ఉన్న బలమంతా పెట్టి అతని చెంప పగలగొట్టాను.

"ఇంకొక్క దెబ్బ ఏసినావంటే పోలీసుల్ని పిలుస్తా. పో బయటికి!"

పిల్లాడి నడుముకు కట్టు కట్టి స్కాన్ మళ్ళీ మొదలుపెట్టాం. తలుపు తగిలిన చోట రక్తం పేరుకుని ఉంటుందేమోనని ఆశగా వెతికాను. అదైతే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు. అలాంటిదేమీ లేదు. ఊపిరినీ నడకనూ నడిపించే మెదడు కాండం మొత్తం కణితితో ఉబ్బిపోయి ఉంది. కత్తి పెట్టడానికి వీల్లేని చోటు. పిల్లల్లో అరుదుగా వస్తుంది, వచ్చిందంటే నెలల్లో మింగేస్తుంది. ఎదురుగా ఉన్న తెరను పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

తండ్రిని లోపలికి పిలిచి చెప్పాను. అతని మీద నాకు జాలేమీ లేదు, అయినా అబద్ధం చెప్పలేను కదా. "నువ్వు కొట్టినందుకు వచ్చింది కాదయ్యా ఇది. కొట్టకపోయినా వచ్చుండేది," అన్నాను.

ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. అతను కుర్చీలోంచి జారి నా కాళ్ళు పట్టుకున్నాడు.

"ఇల్ల మేడమ్, కాదు, నేను కొట్టిందే. శానా గట్టిగా కొట్టినా. ఇంకోసారి బాగా చూడండి. దెబ్బే అని చెప్పండి మేడమ్. దెబ్బయితే మానిపోతాది గదా."